వానాకాలంలో ఎక్కువగా ఊగిన టేకు బల్ల: ఒక రిపేరు కేసు

ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. దీనికి మొదట రిపేరు చేసింది నేనే, అది 4 నెలలు కూడా నిలవలేదు. బల్లలు, మంచాలు, తలుపులు బాగుచేయడమే నా బతుకుతెరువు కాబట్టి ఇలాంటివి దాచుకోవడమే మామూలు. కానీ ఇందులో నేను చూడకుండా వదిలేసిన సంగతి చాలామంది వదిలేసేదే. ఇంటివాళ్ల వివరాలు చెప్పను. గోదావరి జిల్లాల్లో ఒక చిన్న పట్టణం, పెద్దావిడ, ఆవిడ కొడుకు, కోడలు. అంతవరకు చాలు.

బల్ల సంగతి

5 అడుగుల పొడవు, 2.5 అడుగుల వెడల్పు. మంచి చేవ ఉన్న టేకు. పెద్దావిడ పెళ్లికి పుట్టింటివాళ్లు సారెతో పాటు పంపిన బల్ల, 50 ఏళ్ల పైమాటే. మొదట్లో హాల్లో రాసుకునే బల్ల, తర్వాత భోజనాల బల్ల, ఇప్పుడు వంటగదిలో కిటికీ కింద ఉంది. దాని మీద ఒక మూల గ్రైండరు. ఆ మూల కాలే ఊగుతోంది.

తయారీ పాత పద్ధతి. 2.5 అంగుళాల చదరపు కాళ్లు నాలుగు. వాటిని కలుపుతూ 4 అంగుళాల ఎత్తు, అంగుళం మందం ఉన్న పట్టెలు, పొడుగువి రెండు, పొట్టివి రెండు. ప్రతి పట్టె కొసనీ నాలుకలా చెక్కారు, దాన్నే కుసి అంటాం. ఆ కుసిని కాలిలో తొలిచిన బెజ్జంలోకి దింపి, బయటినుంచి అడ్డంగా వెదురు చీల కొట్టారు. అంటే ఒక్కో కాలిలో రెండు కుసులు, ఒకటి పొడుగు పట్టెది, ఒకటి పొట్టి పట్టెది. ఈ అమరిక గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు

శివరాత్రి వెళ్లిన వారం. ఎండలు అప్పుడే మొదలవుతున్నాయి.

బల్ల ఊగుతోందని ఎవరు పిలిచినా ముందు కాలిని ముట్టుకోను, బల్లను అటుది ఇటు తిప్పిస్తాను. తిప్పాక ఊగడం గదిలో అదే మూలన ఉంటే తప్పు నేలది. బల్లతో పాటే రెండో వైపుకి వెళ్తే తప్పు బల్లది. ఇక్కడ బల్లతో పాటే వెళ్లింది. ఆ తర్వాత పట్టె, కాలు కలిసే గీత మీద చూపుడువేలి కొస అడ్డంగా ఆనించి, రెండో చేత్తో కాలిని మెల్లగా కదిపాను. కంటికి కనపడని కదలిక కూడా వేలికి తెలుస్తుంది. పొడుగు పట్టె దగ్గర ఏమీ లేదు. పొట్టి పట్టె దగ్గర వేలి కింద చెక్క జరిగింది.

నాకంటే ముందే అక్కడ ఇద్దరు ముగ్గురు చెయ్యి చేసుకున్నారు. బయటినుంచి కొట్టిన రెండు ఇనుప మేకులు, వాటి చుట్టూ నల్లటి మరక. టేకులో ఇనుము ఉండి తేమ తగిలితే ఆ నలుపు తప్పదు. లోపలివైపు మూలన ఒక ఎల్ పట్టీ, దాని స్క్రూలు సగం తుప్పు. అతుకు గీత వెంట కారి ఎండిపోయిన తెల్ల బంక.

నేను వేసుకున్న లెక్క ఇది. సందు కంటికి కనపడటం లేదు, కాగితం ముక్క కూడా దూరడం లేదు. కాబట్టి చెక్క అరగలేదు, బంక మాత్రమే వదిలేసింది. విప్పి చేస్తే రెండు రోజుల పని. విప్పకుండా చేస్తే పూట పని, మర్నాటికి గ్రైండరు తిరగాలని వాళ్ల తొందర. పట్టె లోపలివైపు నుంచి కుసి దాకా 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, సిరంజితో బంక ఎక్కించాను. కాళ్ల చుట్టూ తాడు వేసి, మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పి, రాత్రంతా అలాగే ఉంచమన్నాను. మర్నాడు వెళ్లి చూస్తే రాయిలా ఉంది. డబ్బులు తీసుకుని వచ్చేశాను.

వస్తుంటే పెద్దావిడ, "ఎండాకాలం పర్లేదు బాబూ, వానలు పడితేనే దీని సంగతి చూడాలి" అంది. "తేమకి అంతేనమ్మా" అని బండి స్టార్ట్ చేశాను. కేసు మొత్తం ఆవిడ ఆ ఒక్క మాటలో చెప్పేసింది, నాకే ఎక్కలేదు.

ఆషాఢంలో ఫోన్

మళ్లీ ఊగుతోందని కొడుకు ఫోన్ చేశాడు. గొంతులో విసుగు తెలుస్తూనే ఉంది. వెళ్లి చూస్తే పొట్టి పట్టెకీ కాలికీ మధ్య సందు బాహాటంగా కనపడుతోంది, రూపాయి బిళ్ల అంచు దూరేంత. నేను ఎక్కించిన బంక పెంకులా విరిగి లోపల గలగలమంటోంది.

మొదట గ్రైండరు అదురుకే ఇలా అయిందనుకున్నాను. కానీ అదురే కారణమైతే అదే కాలిలో ఉన్న పొడుగు పట్టె జాయింటు కూడా కొంచెమైనా కదలాలి. అది చెక్కుచెదరలేదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. తేమకి చెక్క ఉబ్బుతుంది. ఉబ్బితే బెజ్జంలో కుసి బిగుసుకోవాలి. తలుపులు వానాకాలంలో పట్టేయడం ఇందుకే గదా. మరి ఈ జాయింటు వానాకాలంలో తెరుచుకుని ఎండాకాలంలో మూసుకోవడం ఏంటి? ఎవరో దాన్ని లాగుతున్నారు. ఎవరు?

టార్చి పట్టుకుని బల్ల కింద వెల్లకిలా పడుకున్నాను. ఈ పని శివరాత్రి నాడే చేయాల్సింది.

పొడుగు పట్టెల లోపలివైపు, పైచెక్కకి దగ్గరగా, ఉలితో తీసిన సన్నని గాళ్లు ఉన్నాయి. అన్నీ ఖాళీ, ఒక్కదాంట్లో మాత్రం అగ్గిపెట్టెంత చెక్కముక్క మిగిలింది. దాన్ని పైచెక్కకి స్క్రూ వేసి, దాని ముక్కును గాడిలోకి దూర్చారు. పైచెక్క పైకి లేవదు, కానీ గాడిలో ఆ ముక్కు ముందుకీ వెనక్కీ జరగగలదు. పాతకాలం మేస్త్రీ పైచెక్కను ఇలాంటి బుడిపెలతో పట్టించాడు. తర్వాత ఎప్పుడో ఎవరో వాటిని పీకేసి, రెండు పొడుగు పట్టెల నుంచీ పైచెక్కలోకి 3 అంగుళాల స్క్రూలు ఏటవాలుగా బిగించేశారు. గట్టిగా ఉంటుందని.

చెక్క పొడవునా దాదాపు కదలదు. నారకు అడ్డంగా, అంటే వెడల్పులో, తేమకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. మిగతా చెక్కలతో పోలిస్తే టేకు కదలిక తక్కువే. అయినా 2.5 అడుగుల వెడల్పు పైచెక్క మన కోస్తాలో ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్లు తేడా చూపిస్తుంది. బుడిపెలుంటే అది తన మానాన తాను జరుగుతుంది. స్క్రూలతో కట్టేస్తే తనతో పాటు రెండు పొడుగు పట్టెలనీ బయటికి నెడుతుంది. పొడుగు పట్టెలు బయటికి వెళ్తే కాళ్లూ వెళ్తాయి. కాళ్లు వెళ్తే పొట్టి పట్టెల కుసులు బెజ్జాల్లోంచి బయటికి రావాలి. వెడల్పు వైపు ఉన్న పొట్టి పట్టె జాయింటే ఎందుకు తెరుచుకుందో, వానాకాలంలోనే ఎందుకు తెరుచుకుందో ఒకేసారి తెలిసింది.

మరి నాలుగు కాళ్లలో ఇదొక్కటే ఎందుకు? బల్ల రెండో చివర స్క్రూలు ఇప్పటికే చెక్కలో దారి చేసుకుని వదులయ్యాయి, అక్కడ లాగుడు లేదు. ఈ చివర ఉన్న రెండు కాళ్లలో ఒకదానికి పాత వెదురు చీల ఇంకా ఉంది. దీనికి మాత్రం ఎవరో చీల తీసేసి మేకులు కొట్టారు. పట్టు లేనిది ముందు వదిలేసింది, అంతే. గ్రైండరు దాన్ని ఇంకాస్త తొందరపెట్టి ఉంటుంది.

ఇదంతా ఊహ అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి అక్కడికక్కడే పరీక్ష పెట్టాను. ఈ చివర స్క్రూలు నాలుగూ విప్పేసి, కాలిని అరచేత్తో లోపలికి నెట్టాను. సందు సగం మూసుకుంది. మిగతా సగానికి లోపల విరిగిన బంక అడ్డం. స్క్రూలు విప్పకముందు ఎంత నెట్టినా కదల్లేదు. ఖర్చు లేని పరీక్ష, 10 నిమిషాల పని.

విప్పాలా, వద్దా

కొడుకు "కొత్తది కొనేస్తే పోలా" అన్నాడు. పెద్దావిడ ఏమీ అనలేదు, బల్ల అంచు మీద చెయ్యి వేసి నిలబడింది. కోడలే, "అత్తయ్యా, మేస్త్రీ గారు ఇంకోసారి చూస్తారులే" అని తేల్చేసింది.

స్క్రూలు తీసేసి మళ్లీ బంక ఎక్కిస్తే చాలదా అని నాకే అనిపించింది. చాలదు. ఎండిన తెల్ల బంక మీద కొత్త తెల్ల బంక పట్టదు, దానికి చెక్క నార తగలాలి. లోపల ఇప్పటికే రెండు మూడు పొరల పాత బంక ఉంది. మూలన త్రికోణపు దిమ్మ వేసి స్క్రూలు బిగించడం ఇంకో దారి. ఫ్యాక్టరీ బల్లల్లో అది మంచి పద్ధతే. కానీ సందు మూసుకోని జాయింటుకి దిమ్మ వేస్తే తెరుచుకున్న సందును అలాగే నిలబెట్టినట్టవుతుంది.

విప్పాలి. ఇక్కడే అసలు ఇబ్బంది. ఒక్క కాలిని ఊడదీయడం కుదరదు. దాంట్లో రెండు కుసులు రెండు దిక్కుల నుంచి వచ్చి ఉన్నాయి. పొట్టి పట్టె వైపు లాగితే పొడుగు పట్టె కుసి పట్టుకుంటుంది. పొడుగు పట్టె, దాని రెండు చివరలా ఉన్న కాళ్లు, మొత్తం ఒక చట్రంగా బయటికి లాగాలి. అలా లాగాలంటే ఆ పొడుగు పట్టె రెండో చివర ఉన్న పొట్టి పట్టె జాయింటు కూడా విప్పాలి. అది నిక్షేపంగా ఉంది, వెదురు చీలతో సహా. పాడైన దాన్ని బాగుచేయడానికి బాగున్న దాన్ని విప్పాలి. నాకు ముందు వచ్చినవాళ్లు మేకులతో సరిపెట్టడానికి కారణం బద్ధకం కాదు, ఇదే భయం అయి ఉంటుంది. మొదటిసారి నేను సిరంజి పట్టుకోవడానికీ కొంత అదే కారణం.

విప్పుదామనే నిర్ణయించాను, కానీ అప్పుడే కాదు. నిండా తేమ పట్టిన చెక్కకి బంక సరిగా అతకదు. పైగా 4 అంగుళాల పట్టె నుంచి వచ్చిన కుసి ఎత్తు నారకు అడ్డంగా ఉంటుంది, కాబట్టి ఉబ్బుతుంది. బెజ్జం పొడవు కాలి నార వెంట ఉంటుంది, కాబట్టి ఉబ్బదు. ఉబ్బిన కుసిని శ్రావణంలో సరిచేసి బిగిస్తే, వైశాఖానికి అది పైకీ కిందకీ వదులవుతుంది. సంక్రాంతికి చుట్టాలొస్తారు, ఆలోపు చేసిపెట్టమని అడిగారు. సంక్రాంతి వెళ్లాకే చేస్తానన్నాను. అప్పటిదాకా కాళ్ల చుట్టూ తాడు ఉంచమని, గ్రైండరు నేల మీద పెట్టుకోమని చెప్పాను. తాడు ఉంచారు. గ్రైండరు బల్ల మీదే తిరిగింది.

లోపల కనిపించింది

జనవరి చివర బల్లను షెడ్డుకి తెచ్చాను. పైచెక్క విడదీయడంలో ఒక స్క్రూ తుప్పు పట్టి మొరాయించింది. సోల్డరింగ్ ఐరన్ కొనను దాని తల మీద రెండు నిమిషాలు ఆనిస్తే వేడికి కదిలింది. ఎల్ పట్టీ సులువుగా వచ్చేసింది, దాని స్క్రూలు పట్టుకున్నదేమీ లేదు.

మేకులు బయటినుంచి లాగితే కాలి ముఖం పాడవుతుంది. సందులోకి హాక్సా బ్లేడు ఒక్కటే, ఫ్రేమ్ లేకుండా, ఒక చివర గుడ్డ చుట్టి దూర్చి, మేకుల్ని లోపలే కోసేశాను. సందు ఉండటం వల్ల కలిగిన లాభం ఇదొక్కటే.

బాగున్న జాయింటులో వెదురు చీలను సన్నని బిట్టుతో నడిమధ్య తొలిచి, మిగిలిన పెంకు తీసేశాను. అందులో పాతకాలపు సరేసు ఉంది, జంతువుల తోలు, ఎముకలు మరిగించి చేసేది. వేడినీళ్లు ఎక్కిస్తే కాసేపటికే మెత్తబడి వదిలేసింది. రెండో వైపు తెల్ల బంకకి వేడి వెనిగర్ సిరంజితో ఎక్కిస్తూ మధ్యాహ్నమంతా కూర్చోవాల్సి వచ్చింది. సాయంత్రానికి చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో తడుతుంటే, తట్టు చప్పుడు మారింది. గట్టిగా టక్కుమనేది కాస్తా బోలుగా వచ్చింది. ఆ తర్వాత నాలుగు దెబ్బలకి చట్రం మొత్తం జరిగింది.

బయటికి వచ్చిన కుసిని చూస్తే జాలేసింది. మేకు దెబ్బకి నిలువునా చీలింది. బుగ్గలు, అంటే కుసి రెండు పక్కల వెడల్పాటి ముఖాలు, నలిగి, సుమారు 10 మిల్లీమీటర్లు ఉండాల్సిన మందం కొస దగ్గర 8కి వచ్చింది. దాని చుట్టూ రంపపు పొట్టూ బంకా కలిపిన ముద్ద, ఎండిన బెల్లం అచ్చులా. ఈ ముద్ద మనవాళ్లు ఎప్పుడూ చేసేదే. పైకి కనపడే గీతలు, మేకు గుంతలు పూడ్చడానికి పనికొస్తుంది. బరువు మోసే జాయింటులో దానికి బలం లేదు, నారలన్నీ తెగి ముక్కలైన పొట్టు అది.

బిగింపు

కుసిని పూర్తిగా కోసేసి కొత్త కుసి పెట్టడమా, ఉన్నదాన్ని నిలబెట్టడమా అని ఆలోచించాను. చీలిక నార వెంటే శుభ్రంగా ఉంది, కుసి మొదలు దాకా పోలేదు. నిలబెట్టవచ్చు. చీలికలోకి పల్చని బంక దింపి బిగించి ఒక రోజు వదిలేశాను. మర్నాడు నలిగిన బుగ్గల్ని ఉలితో తాజా చెక్క వచ్చేదాకా చదును చేసి, రెండు వైపులా పాత టేకు నుంచి తీసిన పల్చని రేకులు అతికించాను. రేకు నార, కుసి నార ఒకే దిక్కున ఉండాలి. అడ్డంగా అతికిస్తే మళ్లీ వానాకాలం కథే. టేకులో నూనె ఉంటుంది కాబట్టి బంక పూసే ముందు ప్రతిసారీ ఎసిటోన్ గుడ్డతో తుడిచాను.

బెజ్జం లోపల పాత ముద్దంతా ఉలితో గీకేశాక కుసి సరిపెట్టడం మొదలుపెట్టాను. ఇక్కడ తొందరపడకూడదు. ఒక పొర తీయడం, దింపి చూడటం, ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ మెరుస్తుంది, మళ్లీ అక్కడే ఒక పొర. చేత్తో నొక్కితే సగం దిగాలి, మిగతా సగం సుత్తితో మెల్లగా తడితే దిగాలి. సుత్తితో బాదాల్సి వస్తే బెజ్జం గోడ పగులుతుంది. చేత్తోనే మొత్తం దిగిపోతే ఇంకో రేకు వేయాలి. నాకు గంటన్నర పట్టింది, ఈ కేసులో నాకు బాగా నచ్చిన గంటన్నర కూడా అదే.

బంక ఏది వాడాలన్నది చిన్న చర్చే. ఎపాక్సీ సందులు నింపుతుంది, నీళ్లకి చలించదు. కానీ 30 ఏళ్ల తర్వాత ఇంకొకరు విప్పాల్సి వస్తే వాళ్లకి నరకం. కుసి బిగువుగా ఉన్నప్పుడు నింపాల్సిన సందే లేదు. నీళ్లు తగిలే చోట వాడే రకం తెల్ల బంక చాలనుకున్నాను.

అసలు పట్టు వెదురు చీలది. బెజ్జం మూతికి దగ్గరగా కాలికి అడ్డంగా రంధ్రం వేశాను. కుసిని దింపి, ఆ రంధ్రం గుండా బిట్టు కొసతో కుసి మీద గుర్తు పెట్టాను. కుసిని బయటికి తీసి, గుర్తు మీద కాకుండా ఒక మిల్లీమీటరు కుసి మొదలువైపుకి, అంటే పట్టెవైపుకి, జరిపి రంధ్రం వేశాను. రెండు రంధ్రాలూ సూటిగా ఉండవు. చీలను కొడితే అది దారి చేసుకుంటూ కుసిని లోపలికి లాగుతుంది. పాత గుమ్మాలకి ఇలాగే చేసేవారు. చీలకి ముదురు వెదురు, పెంకు వైపు భాగం తీసుకోవాలి. లోపలి గుజ్జు భాగం నలుగుతుంది. చీల దిగుతుంటే కాలికీ పట్టెకీ మధ్య గీత సన్నబడుతూ వచ్చి, చివరి దెబ్బకి రెండు చివరలా చిన్న బంక చుక్క బయటికి వచ్చింది. బాగున్న జాయింటుకీ కొత్త చీలే కొట్టాను.

ఆ తర్వాత తాడు, కర్ర మామూలే. ఎదురెదురు మూలల మధ్య ఏటవాలు కొలతలు రెండూ సమానంగా ఉన్నాయా అని చూసుకున్నాను. 4 మిల్లీమీటర్లు తేడా ఉంటే తాడు కొంచెం ఏటవాలుగా జరిపి సరిచేశాను.

పైచెక్కకి బుడిపెలు కొత్తవి ఏడు చేశాను, పాత మేస్త్రీ చేసిన ఒక్కదాన్ని అలాగే ఉంచాను. పొట్టి పట్టెల నడిమధ్య మాత్రం ఒక్కో స్క్రూ వేశాను, పైచెక్క రెండు వైపులకీ సమానంగా పెరగాలి కాబట్టి. పొడుగు పట్టెల వైపు బుడిపెకీ గాడి అడుగుకీ మధ్య 3 మిల్లీమీటర్ల ఖాళీ వదిలాను. ఒక బుడిపె ముక్కు పక్కన, పట్టె మీద పెన్సిల్‌తో గీత గీసి నెల రాశాను.

కాళ్ల అడుగులు రోజూ కడిగే నీళ్లు పీల్చి నల్లబడ్డాయి. పల్చని వార్నిష్ పట్టినంత పట్టించి రబ్బరు బుష్‌లు వేశాను. మేకుల నల్ల మరక పోలేదు, పోగొట్టడానికి చెక్క చాలా తీయాలి, వదిలేశాను. మొదటిసారి తీసుకున్న డబ్బులు ఈసారి కూలీలోంచి తీసేయమన్నాను. పెద్దావిడ ఒప్పుకోలేదు, కొడుకు ఒప్పుకున్నాడు.

తర్వాత

శ్రావణంలో, వానలు బాగా పట్టాక, పిలవకపోయినా వెళ్లాను. గ్రైండరు అదే మూలన తిరుగుతోంది, పిండి రుబ్బుతున్నారు. ఆగేదాకా ఉండి వేలు ఆనించి చూశాను, కదలిక లేదు. కాగితం ముక్క తీసి గీత వెంట పెట్టి చూశాను, దూరలేదు.

టార్చి తీసుకుని బల్ల కిందకి వెళ్లాను. పెన్సిల్ గీత పట్టె మీద ఉన్నచోటే ఉంది. బుడిపె మాత్రం దాన్ని దాటి 2 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. "ఏం వెతుకుతున్నావు బాబూ" అని పైనుంచి పెద్దావిడ అడిగింది. ఇవతలికి వచ్చి, టార్చి వేసి ఆ రెండు మిల్లీమీటర్లూ చూపించాను. ఆవిడకి వంగడం కష్టం, కోడలు వంగి చూసింది.

గీత పక్కన ఇంకో గీత గీసి, శ్రావణం అని రాశాను.